గతివాచకములు – పల్నాటి కథ

ఆంగ్లమునుండి తెలుఁగు చేయువారు గతిని, మార్పును దెలుపు పదములు వచ్చినపుడెల్ల రెండు మూఁడు సంస్కృతనామములతోఁ బని గడపుట పరిపాటి యైనది. ‘మూవ్’ అనఁగాఁ జలనము. ‘చేంజి’ యనఁగాఁ బరిణామము. ‘షిఫ్టు’ అనఁగా స్థానాంతరము. ఈ నామములు దోషములు కావు. కాని క్రియను నామముగాఁ జేసినపుడు కదలిన దెవరు, కదల్చిన దెవరు, పోయిన దెటు అను మూఁడంశములును మఱుఁగుపడుచున్నవి. ఈ నష్టము భాషతోనే నిలుచునా, చరిత్రజ్ఞానమునకుఁ గూడ సోఁకునా యనునది విచార్యము.

ఈ విచారణకుఁ బల్నాడు తగిన తావు. మాచెర్ల, గురజాల, కారంపూడి సీమల వీరకథ యెల్లయు వెడలుటతోడను, మరలుటతోడను, మరలనీయకుండుటతోడను నల్లఁబడినది. శ్రీనాథకృతమని ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లోఁ బ్రకటించిరి. వీరవిద్యావంతులు పాడు పాఠమునకు జీన్ రోగేర్‌గారి యాంగ్లానువాదము 1982లో వెలువడినది. కావున నీ కథలోని గతిక్రియలు రెండు భాషలలోను నిలిచి, పోల్చి చూచుటకు వీలు కలిగించుచున్నవి.

మొదట నాంగ్లమార్గమును జూడవలెను. ఆ భాషయందు దేశ్యములైన గతిక్రియలు మిక్కిలి విస్తారములు. ‘వాక్’, ‘రన్’, ‘క్రాల్’, ‘స్లైడ్’, ‘గ్లైడ్’, ‘లింప్’ మున్నగున వన్నియు నెట్లు కదలెనో చెప్పును. ఎటు కదలెనో చెప్పుటకు ‘అప్’, ‘డౌన్’, ‘ఇన్’, ‘ఔట్’ వంటి చిన్నపదములు ప్రక్కన నిలుచును. తెలుఁగున నీ వరుస తాఱుమాఱు. ఎక్కు, దిగు, చొచ్చు, వెడలు, దాఁటు, మరలు అను క్రియల కడుపులోనే మార్గ మున్నది. కదలిన తీరు చెప్పవలసినచో ‘ప్రాఁకుచు వెడలెను’, ‘జాఱి దిగెను’, ‘పఱుగెత్తి దాఁటెను’ అని యసమాపకక్రియ ముందు వచ్చును; లేదా గబగబ, జరజర వంటి యనుకరణశబ్దములు తోడగును. మార్గమును క్రియలోఁ జెప్పు భాషలు, వెలుపలఁ జెప్పు భాషలు అని లెనార్డు టాల్మీ చేసిన విభాగము 20వ శతాబ్ది చివరి దశకములలో భాషాశాస్త్రమునఁ బ్రసిద్ధి కెక్కినది.

ఈ విభాగము నిరపవాదము కాదు. ఈఁదు, ఎగురు, దొరలు వంటి రీతివాచకములు తెలుఁగునను గలవు. ‘ఎంటర్’, ‘డిసెండ్’, ‘రిటర్న్’ వంటి మార్గవాచకములు ఆంగ్లమునను గలవు. కాని యవి ఫ్రెంచిమూలమున లాటినునుండి వచ్చి చేరినవి. ఏది యెట్లున్నను, ‘గ్లైడ్’ అను పదమునకు సరియైన యొంటిపదమును నిఘంటువులలో వెదకుట వ్యర్థప్రయాస. అర్థము క్రియలోఁ గొంతయు, దాని ముందటి పదములోఁ గొంతయుఁ బంచఁబడవలెను.

ఇఁకఁ బల్నాటి కథకు వచ్చినచోఁ, గోడిపోరున నోడిన బ్రహ్మనాయుఁడును మలిదేవుని పక్షమువారును ఏడేండ్లు దేశము విడువవలసివచ్చెను. ఈ సంగతి నాంగ్లమునఁ జెప్పువారికి ‘ఎగ్జైల్’ అను పదము చేతి కందును. ఆ పదము చెవిఁ బడఁగానే రాజాజ్ఞ స్ఫురించును; పంపువాఁ డొకఁడును, పోవువాఁ డొకఁడును గోచరింతురు. దానిని విడిచి ‘మైగ్రేషన్’ అన్నచో నిచ్ఛానుసారమైన వలస తోఁచును. కథలో జరిగినది రెండును గాదు. పందె మొడ్డినవారును వారే, పందెమునకుఁ గట్టువడి వెడలినవారును వారే. గురజాల పక్షము వారిని మెడవట్టి గెంటలేదు. వారు మనసార వెడలనులేదు. ‘వెడలిరి’ అను తెలుఁగుక్రియ యీ సందిగ్ధమును జెడఁగొట్టదు. తమ కాళ్లతో వెడలి రనియుఁ, దమ మాటకు లోఁబడి వెడలి రనియు నొక్కమాటలో నిమిడియున్నది. వెడలఁగొట్టుట వేఱు, అది తెలుఁగున వేఱుక్రియ.

‘రిటర్న్’ అను పదము మఱింత విచిత్రమైనది. అది మరలివచ్చుటకును, మరల నిచ్చుటకును సమానముగాఁ జెల్లును. ఏడేండ్లు నిండిన పిమ్మట మాచెర్లవారు మరలిరి. వారి రాజ్యభాగము మాత్రము మరల రాలేదు. దాని నడుగుటకై గురజాలకు రాయబార మేఁగిన యలరాజు విషప్రయోగమున మడిసెను. కారంపూడి యుద్ధమునకుఁ గారణ మెల్ల నీ రెండు క్రియల నడిమి యెడము. ఆంగ్లమున నా రెండింటికి నొక్క పదమే చాలుచున్నది; తెలుఁగున మరలువాఁడు కర్త, మరల నిచ్చువాఁడు వేఱొక కర్త. అనువాదకుఁ డీ భేదమును వాక్యములో మరల నిర్మింపకున్నచో యుద్ధమునకు మూలమైన యన్యాయము పఠితకుఁ జప్పగాఁ దోఁచును.

దీనికి మూలము తెలుఁగు క్రియల జంటలలో నున్నది. కదలు–కదల్చు, మాఱు–మార్చు, తిరుగు–త్రిప్పు, దిగు–దించు, నడచు–నడపు, మునుఁగు–ముంచు అనునవి తాన జరుగుటను, ఒరులచే జరుపఁబడుటను విడఁదీయును. ఆంగ్లమున ‘మూవ్’, ‘టర్న్’, ‘చేంజి’ యనునవి రెండు పక్కలను బలుకును. కర్మము ముందున్నదా లేదా యనుదానినిబట్టి యర్థము తేలును. కర్మణిప్రయోగమునఁ గర్తను జెప్పక విడుచుటయు నందు సులభము.

మార్పును జెప్పుటలో మాత్ర మీ రెండు భాషలకుఁ జుట్టఱికము గలదు. ఆంగ్లమునఁ బాలు చెడుటను ‘గో బ్యాడ్’ అనియు, జబ్బు పడుటను ‘ఫాల్ ఇల్’ అనియు గతిక్రియలతోఁ జెప్పుదురు. తెలుఁగున ఎండిపోవును, నల్లఁబడును, వెలవెలఁబాఱును, మత్తెక్కును. రెండుచోట్లను మార్పు ఒక పయనముగాఁ దలఁపఁబడినది. ఐనను తెలుఁగునఁ బాలు విఱుగును, కాయ మాగును, తీఁగ వాడును. ఆయా వస్తువునకు దాని మార్పు తగిన క్రియను దెచ్చుకొనును. వీనినెల్ల ‘మార్పు చెందెను’ అని సరిపెట్టుట భాషను బేదపఱచుటయే.

ఈ విచారము పాతకథకే పరిమితము కాదు. మాచెర్లకు సమీపమున కృష్ణాతీరమున నిక్ష్వాకుల విజయపురి యుండిన లోయలో 1954నుండి 1960వఱకుఁ ద్రవ్వకములు జరిగినవి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలఁబడెను. లోయ జలాశయగర్భమునఁ జేరెను. ప్రాచీనపు కట్టడములలోఁ గొన్ని కొండమీఁదికిని, అనుపునకును జేర్పఁబడినవి. ఈ పనికి నాంగ్లమున వాడుక యైన పదము ‘ట్రాన్స్‌ప్లాంటు’. అనఁగా మొక్కను వేళ్లతోఁ బెకలించి వేఱొక పాదునఁ బెట్టుట. లోయయందలి పల్లెలవారి విషయమున వాడుక యైన పదము ‘డిస్‌ప్లేస్’. అనఁగా నున్న వస్తువును జోటు తప్పించుట. ఱాళ్లకుఁ బ్రాణముగల పదమును, ప్రాణులకు ఱాతిపదమును దొరకినవి. దీనిని బన్నినవారు లేరు. ఆయా శాస్త్రములవారు తమ పరిభాషను దాము వాడుకొనిరి. ఐనను ఫలము ఫలమే.

తెలుఁగువారు దీనికిఁ జేసినది యేమి? ‘ముంపు గ్రామములు’, ‘నిర్వాసితులు’, ‘పునరావాసము’ అను నామములు వ్యవహారమున స్థిరపడినవి. ‘ముంపు’ అన్నపుడు ఊరు మునిఁగినదా, ముంపఁబడినదా తెలియదు. క్రియలు జంటగా నుంచిన భేదమును నామము తుడిచివేసినది. కాలువక్రింది సీమలో ‘మెట్ట మాగాణి యైనది’ అను రైతు మాటలో మాత్రము క్రియ నిలిచియున్నది. ‘మాగాణి చేసిరి’ అన్నచోఁ జేసినవారు కానవత్తురు. ‘ఐనది’ యన్నచో నేల కానవచ్చును. ఏది యనవలెనో పలుకువాని యెఱుకలో నున్నది.

ఇచట నొక యాక్షేపము పొడమవచ్చును. శాస్త్రమునకు నామములు కావలెను. గమనము, వేగము, పరిణామము లేక భౌతికశాస్త్రము గాని జీవశాస్త్రము గాని తెలుఁగున నడవ దందురు. ఇది సత్యము. కదలెడు వస్తువు గోళమో, చుక్కయో యైనపుడు దాని యిచ్ఛను విచారింపఁ బని లేదు. కాని కదలెడువారు మనుష్యులైనపుడు కర్తను మఱుఁగుపఱచు పదము శాస్త్రీయ మనిపించుకొనదు; అది యసంపూర్ణము. చరిత్రలోను, కావ్యానువాదములోను, ప్రభుత్వపత్రములలోను నామమునకు ముందు క్రియ నడుగుట యావశ్యకము.

కారంపూడిలోఁ గార్తికామావాస్యతో మొదలై యైదు దినములు నడచు వీరారాధనకు నాయా యూళ్లనుండి యాచారవంతులు వీరుల యాయుధములతో వత్తురు. నాగులేటి యొడ్డునఁ గొలువు తీర్చి, మరలుదురు. ఎవరు వెడలిరో, ఎవరు మరలిరో, ఎవరు మరలలేదో ఆ పాటలలో నేఁటికిని స్పష్టముగ నున్నది. ఆంగ్లమునుండి పదములను దెచ్చుకొనువా రాపాటి స్పష్టతను దమ వాక్యములందును నిలుపుకొనవలెను.