తెర తీసేసినా నిలిచిన బాణీలు

సినిమా కోసం కట్టిన నేపథ్య సంగీతానికి ఒక శాపం ఉంది. నాయిక నోరు విప్పితే గొంతు తగ్గించుకోవాలి, షాట్ మారితే ఉన్నపళంగా ఆగిపోవాలి. ఎరిక్ వోల్ఫ్‌గాంగ్ కోర్న్‌గోల్డ్ ఒంటి వయొలిన్‌కూ ఆర్కెస్ట్రాకూ కలిపి రాసిన తన వయొలిన్ కాన్సెర్టోలో ఆ శాపాన్ని తీర్చాడు.

వియన్నాలో బాలమేధావిగా పేరు మోగిన ఈయన, నాజీల పుణ్యమా అని హాలీవుడ్‌లో స్థిరపడి వార్నర్ బ్రదర్స్ సినిమాలకు సంగీతం కట్టాడు. హిట్లర్ పోయేదాకా కచేరీ సంగీతం రాయనని పట్టుబట్టి, 1945లో ఈ కాన్సెర్టో పూర్తిచేశాడు. మూడు భాగాలకూ బాణీలు తన సినిమాల నుంచే తెచ్చుకున్నాడు.

ఎత్తుగడ చూడండి. అది 'అనదర్ డాన్' (1937) బాణీ. ఆర్కెస్ట్రా ఉపోద్ఘాతం లేదు, వయొలినే నేరుగా అందుకుంటుంది. ఐదు స్వరాల్లో దాదాపు రెండు స్థాయిలు ఎక్కేస్తుంది. అంత ఎగబాకితే కేకలా వినిపించాలి కదా? వినిపించదు. ఐదోది ప్రతి మధ్యమం. పంచమానికి ఒక్క మెట్టు కింద, తీరని కోరికలా నిలబడుతుంది. మన కల్యాణి విన్న చెవికి ఆ ఆరాటం కొత్తేమీ కాదు. సినిమాలో సన్నివేశంతో పాటే ముగిసిపోయిన బాణీకి ఇక్కడ తీరిక దొరికింది: సాగుతుంది, తిరిగి వస్తుంది, వేరే రంగులో మళ్ళీ మాట్లాడుతుంది.

రెండో భాగానికి ఆధారం 'ఆంథొనీ అడ్వర్స్' (1936). వైబ్రఫోన్, సెలెస్టా, హార్ప్ కలిసి మెరుపు పూత పూస్తాయి. ఇన్ని హంగులున్నా ట్రాంబోన్ మాత్రం ఒక్కటే. వయొలిన్ గొంతు మునిగిపోకూడదన్న లెక్క అందులో కనిపిస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చిన చమత్కారం మూడో భాగంలో ఉంది. 'ది ప్రిన్స్ అండ్ ది పాపర్' (1937) బాణీని ముందు తుంపులు తుంపులుగా, గెంతులేసే నాట్యంలా వినిపిస్తాడు. దాని అసలు నిండు రూపం ఆ తర్వాతే బయటపడుతుంది. రాజకుమారుడు బిచ్చగాడి వేషం వేసుకునే కథకు ఇంతకంటే తగిన కూర్పు ఏముంటుంది!

1947 ఫిబ్రవరిలో సెయింట్ లూయిస్‌లో వయొలిన్ విద్వాంసుడు యాషా హైఫెట్జ్ ఈ కాన్సెర్టోను తొలిసారి వాయించాడు. న్యూయార్క్ విమర్శకులు మాత్రం హాలీవుడ్ సరుకని పెదవి విరిచారు. సరుకు హాలీవుడ్‌దే, అందులో దాపరికమేముంది? హైఫెట్జ్ 1953లో లాస్ ఏంజెలెస్ ఫిల్హార్మోనిక్‌తో చేసిన రికార్డింగ్ వింటే, తీపి బాణీని పాకం ముదరకుండా ఎలా వాయించాలో తెలుస్తుంది.