బెల్లం నలుపు, కాలువ ఎరుపు

కలంకారీ అద్దకంలో నల్లరంగుకు బెల్లం కావాలి. తుప్పుపట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి కుండలో పోసి, మూతి కట్టి రెండు మూడు వారాలు వదిలేస్తారు. పులిసిన ఆ నీళ్లను వడగట్టి, జిగురు కలిపి, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద అద్దితే నల్లటి గీత పడుతుంది. కరక్కాయలో వగరు, నీళ్లలో ఇనుము కలిసి పుట్టించే నలుపు అది. ఎన్ని ఉతుకులకైనా నిలుస్తుంది. తోట్లవల్లూరులో చెరకు తోటల మధ్య పెరిగినదాన్ని కాబట్టి ఈ సంగతి తెలిసిన రోజు నాకు చాలా సంతోషం కలిగింది. మాకు చెరకంటే ఉయ్యూరు ఫ్యాక్టరీ ఒక్కటే. టన్నుకెంత ఇస్తారు, కటింగ్ ఆర్డర్ ఎప్పుడొస్తుంది, కూలీలు దొరుకుతారా, ఇవే మాటలు. ఆ తీపికి చీర మీద కూడా ఒక పని ఉందని మా ఇళ్లలో ఎవరూ అనుకోగా వినలేదు.

పల్లెల్లో ఉపాధికి కళలనూ చేతిపనులనూ ఆసరా చేసుకోవాలని ఇప్పుడు ప్రపంచమంతా అంటోంది. ఐక్యరాజ్యసమితి 2021ని సృజనాత్మక ఆర్థిక వ్యవస్థ సంవత్సరంగా జరిపింది. జపాన్‌లో ఓయితా అనే ప్రాంతం 1979లోనే ఊరికో ఉత్పత్తి అంటూ ఉద్యమం మొదలుపెట్టింది. మన దగ్గర ‘ఒక జిల్లా, ఒక ఉత్పత్తి’ అంటున్నారు. మంచిదే. అయితే కృష్ణా జిల్లాలో ఇలాంటి పరిశ్రమను ఎక్కడినుంచో తెచ్చి పెట్టనక్కర్లేదు. పెడనలో అద్దకం ఉంది. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగ ఉంది. కూచిపూడిలో నాట్యం ఉంది. అన్నీ మా ఊరి నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరంలోనే ఉన్నాయి. వాటి పేర్లు చెప్పుకుని గర్వపడతాం. వాటిని నిలబెడుతున్న చిన్న చిన్న పనులను మాత్రం పట్టించుకోం. నా బాధంతా అక్కడే.

పెడన బందరుకు, అంటే మచిలీపట్నానికి, పది కిలోమీటర్ల దూరం. నేను అద్దకం నేర్చుకున్నది అక్కడి ఒక షెడ్డులో. పొడుగాటి బల్ల, దాని మీద పొరలు పొరలుగా గోనెపట్టాలు, ఆపైన గుడ్డ. పక్కనే రంగు తొట్టె. అందులో వెదురు జాలీ, దాని మీద రంగు పీల్చుకున్న గోనె, పైన పల్చటి బట్ట. అచ్చును దాని మీద మెల్లగా ఆనించి, తీసి, గుడ్డ మీద కుదురుగా పెట్టి, వెనక పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాలి. గుద్దు నాలుగు మూలలకూ సమానంగా అందాలి. ఒక పక్క బలం తగ్గితే తీగె మధ్యలో తెగిపోతుంది, ఎక్కువైతే రంగు చిమ్మి ఆకు ముద్దవుతుంది. గీత పెట్టి కొలిచేదేమీ ఉండదు. పాత అచ్చు అంచు చూసుకుని కొత్తది పెట్టడమే. గీతలకు ఒక అచ్చు, లోపల నింపే ప్రతి రంగుకూ మళ్లీ ఒక అచ్చు. అవన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటేనే పువ్వు పువ్వులా కనిపిస్తుంది.

నన్ను ఆశ్చర్యపరిచింది ఎరుపు. ఎరుపు రావాల్సిన చోట ఎర్రరంగు అద్దరు. పటిక, తుమ్మబంక కలిపిన నీళ్లు అద్దుతారు. గుడ్డ మీద అది ఆరిన తడి మరకలా ఉంటుంది. “ఎరుపేది తాతయ్యా?” అని అడిగితే, నాకు పని నేర్పిన పెద్దాయన తలెత్తకుండానే “కాగులో పడనీ అమ్మాయ్, అప్పుడు చూద్దువుగాని” అన్నారు. రెండు రోజులు ఆరనిచ్చి, కాలువలో జాడించి, రాగి కాగులో జాజాకు వేసిన రంగునీళ్లలో గుడ్డను ఉడికించారు. ఒకాయన పొడుగాటి కర్రతో తిప్పుతూనే ఉన్నాడు. గుడ్డ ఎక్కడా మడత పడకూడదు, పైకి తేలకూడదు. నీళ్లు మరిగేకొద్దీ పటిక ఉన్నచోటల్లా ఎరుపు చిక్కబడింది. లేనిచోట రంగు పట్టలేదు. కంటికి కనబడని రంగును నమ్మి పొద్దున్నుంచీ అచ్చు గుద్దే ఆ చేతుల మీద నాకు అప్పటినుంచి అపారమైన గౌరవం.

ఇప్పుడు డబ్బు సంగతి చెప్పాలి. మా వైపు వరి కోతలకు యంత్రాలొచ్చాక కోత కూలీ చాలామటుకు పోయింది. పండిన ధాన్యం మిల్లుకు, మిల్లు నుంచి దూరానికి పోతుంది. ఊళ్లో మిగిలేది రైతుకొచ్చే నాలుగు డబ్బులు, అవీ కౌలు, ఎరువుల బాకీ తీరగా. అచ్చు అద్దిన చీర దారి వేరు. కోరా గుడ్డ తెచ్చినవాడు, దాన్ని చలవ చేసినవాళ్లు, కరక్కాయా గేదెపాలూ కలిపి తడిపిన ఆడవాళ్లు, టేకు చెక్క మీద అచ్చు చెక్కినవాడు, అద్దినవాడు, ఉడికించినవాడు, కాలువలో జాడించినవాళ్లు, గంజిపెట్టి మడతపెట్టినవాళ్లు. ఇన్ని చేతుల్లో కూలీ పడుతుంది, అదీ ఒకటి రెండు మండలాల లోపలే. పల్లె ఆర్థిక వ్యవస్థకు ఇంతకంటే మేలైన సరుకు ఏముంటుంది? అయితే ఈ వరసలో ఒక్కరు మానేసినా చీర ఆగిపోతుంది. డిజైనర్లకు శిక్షణ, నగరంలో ఎగ్జిబిషన్, వెబ్‌సైటు, వీటికి ఖర్చుపెట్టినంత సులువుగా మనం అచ్చు చెక్కేవాడి దగ్గరా జాడించేవాడి దగ్గరా ఖర్చుపెట్టం.

ఒకప్పుడు ఈ తీరమంతా ఈ గుడ్డతోనే బతికింది. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు పెద్ద రేవు. ఇక్కడి అద్దకం గుడ్డలు పర్షియాకు వెళ్లేవి. పెడన అచ్చుల్లో తీగెలూ పూలూ మెహరాబులూ నేటికీ కనిపించడానికి ఆ బేరమే కారణం. 1611లో ఇంగ్లీషు కంపెనీ బందరులో కోఠీ పెట్టింది ఈ గుడ్డల కోసమే. యూరపులో వీటి మోజు ఎంత పెరిగిందంటే తమ నేతగాళ్లు గోల పెట్టడంతో ఫ్రాన్సు 1686లో వీటిని నిషేధించింది. 1759 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. ఇంగ్లండు 1721లో అద్దకం నూలుబట్టల వాడకాన్నే నిషేధిస్తూ చట్టం చేసింది. పల్లెటూరి పనివాళ్లకు భయపడి రాజ్యాలు చట్టాలు చేసుకున్న రోజులవి.

ఆనాటి ఎరుపు చిరువేరుది. కృష్ణ సముద్రంలో కలిసేచోట, దివిసీమ ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు. నత్తగుల్లల సున్నం కలిసిన ఆ ఇసుకే ఎరుపుకు అంత నిగ్గు తెచ్చిందంటారు. 1860ల చివర్లో జర్మనీ వాళ్లు ఎర్రరంగైన అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేసి, ఆ తర్వాత అమ్మకానికి పెట్టాక వేరు తవ్వేవాళ్లకు పని పోయింది. అంతకు కొన్నేళ్ల ముందే, 1864 నవంబరులో, ఉప్పెన బందరును ముంచేసి ముప్పై వేల మంది ప్రాణాలు తీసుకుంది. ఊరు మళ్లీ ఆ స్థాయికి రాలేదు. ఇవాళ పెడన కాగుల్లో ఎక్కువగా పడేది అలిజరినే. దాన్ని తప్పుబట్టను, ఆ ధరకు ఆ పని అలాగే నడుస్తుంది. కానీ వేరు తవ్వే కూలీ దివిసీమ నుంచి పోయిందన్నది కూడా ఈ లెక్కలో రాసుకోవాలి.

చేతిపనిని ఊరికి ఆసరా చేసుకోవాలన్న ఆలోచన మనవాళ్లకు కొత్త కాదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టినప్పుడు చదువుతోపాటు చేతిపనీ నేర్పాలనుకున్నారు. మగ్గం, వడ్రంగం, చిత్రకళ అక్కడ పాఠాలు. బెంగాల్ నుంచి వచ్చిన ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ దగ్గర అడివి బాపిరాజు బొమ్మలు నేర్చుకున్నది అక్కడే. చేతిపనిని చదువురానివాళ్ల పనిగా చూడకూడదన్నది వాళ్ల పట్టుదల. నూరేళ్లు దాటాక మన పిల్లలు గుడివాడ, విజయవాడ షాపింగ్ మాల్స్‌లో నిలబడి మిషన్ ప్రింటు చీరలను కలంకారీ అని చెప్పి అమ్ముతున్నారు. తప్పు ఆ పిల్లలది కాదు.

కూచిపూడి కథ కూడా చూడండి. వెంపటి చినసత్యం మద్రాసు వెళ్లి 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఆయన చేతుల మీదుగా నాట్యం ఖండాంతరాలకు వెళ్లింది. ఊరిపేరు ప్రపంచానికంతా తెలిసింది. ఆ పేరుతో తిరిగే డబ్బులో మాత్రం మొవ్వ మండలంలో ఆగింది చాలా తక్కువ. పేరు ప్రయాణం చేసినంత తేలిగ్గా సంపాదన వెనక్కి రాదు. మచిలీపట్నం కలంకారీకి 1999 చట్టం కింద భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు కాగితం మీద ఎంత గట్టిదైనా, స్క్రీన్ ప్రింటుకు అదే పేరు పెట్టి సగం ధరకు అమ్మేవాణ్ని ఎవరూ ఆపడంలేదు.

ఈ అద్దకం నిలవాలంటే అన్నిటికంటే ముందు నీళ్లు కావాలి. పటిక అద్దిన గుడ్డను పారే నీళ్లలోనే జాడించాలి. నిలవ నీళ్లలో ముంచితే ఊడిన పటిక తెల్లగా ఉండాల్సిన చోట పట్టుకుంటుంది, కాగులో అక్కడా ఎర్రబడుతుంది, చీర పాడవుతుంది. వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు. ఉన్న నీళ్లు మురుగుతో, గుర్రపుడెక్కతో నిండి ఉంటాయి. అప్పుడు అద్దకందార్లు బోరు నీళ్లు పట్టుకుని అవస్థపడతారు, లేదా పని ఆపుకుంటారు. పని ఆపితే కూలీ ఆగుతుంది. అలా ఆగిన వేసవిలోనే కుర్రాళ్లు వేరే పని వెతుక్కుంటారు, వానలొచ్చాక తిరిగి రారు.

అందుకే నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. పెడనలో ఉమ్మడి జాడింపు రేవు కట్టండి. కాలువ కట్టేసిన నెలల్లోనూ నీళ్లు పారేలా చెరువు, పంపు పెట్టండి. వాడిన నీళ్లను శుభ్రం చేశాకే కాలువలోకి వదలండి. అచ్చు చెక్కడం నేర్చుకునే పిల్లలకు నేర్చుకునే కాలమంతా స్టైపెండ్ ఇవ్వండి. ఆ చెయ్యి కుదరడానికి ఏళ్లు పడుతుంది, అంతవరకు ఏ ఇల్లూ ఊరికే పోషించలేదు. ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం మా లంక ఇసుకల్లో ఒక్క మడి చిరువేరు వేసి చూడాలి. వేరు పనికొచ్చేసరికి రెండేళ్లు పడుతుంది కాబట్టి రైతు సొంత ఖర్చుతో వెయ్యలేడు, ప్రభుత్వమే ముందుకు రావాలి.

ఇక చీర కొనే మీతో ఒక మాట. కలంకారీ అని చూపిస్తే గుడ్డ తిరగేసి చూడండి. అచ్చు గుద్ది ఉడికించిన రంగు వెనక వైపుకీ దిగుతుంది. పువ్వూ పువ్వూ కలిసే చోట చూడండి, చేతి అచ్చయితే అతుకు ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి తేడాగా ఉంటుంది. “ఇది అచ్చా, స్క్రీనా? ఎక్కడ అద్దింది?” అని అడగండి. అచ్చయితే బేరమాడకుండా ఆ ధర ఇవ్వండి.