విజ్ఞానకథకుల సభలలో స్త్రీలకు పీఠము

ఒక సభ యెట్టిదో తెలిసికొనగోరువారు అందు మాటలాడుట కెవరిని పిలిచిరో, ఏ విషయముపై మాటలాడుమనిరో మొదట విచారింపవలెను. భావికాలమును గూర్చి కథలు వ్రాయువారి సభలకు ఈ పరీక్ష మరింత యవసరము. వేయి సంవత్సరముల తరువాతి మనుష్యుల నూహింపగలవారు తమ ప్రక్కనున్నవారి కెంత చోటిచ్చిరి? ఈ ప్రశ్నను మనస్సున నుంచుకొని, అమెరికాదేశపు సైన్సు ఫిక్షను సమ్మేళనములలోని చర్చాగోష్ఠులను, రచనాపఠనములను గూర్చి కొంత విన్నవింపదలచితిమి.

ఈ సమ్మేళనములను చాలవరకు పాఠకులే పూని, జీతములు లేకయే నడపుదురు. రుసుము చెల్లించినవారు సభ్యులనబడుదురు. కొన్ని దినములపాటు పలు గదులలో నేకకాలమున కార్యక్రమములు సాగును. నలుగురైదుగురు బల్లవెనుక గూర్చుండి, ముందుగా నిర్ణయించిన విషయముపై మాటలాడి, పిదప శ్రోతల ప్రశ్నలకు బదులుచెప్పుట గోష్ఠి. వారిలో నొకరు మధ్యస్థులు. రచయిత యొక్కరే తన రచనలోని కొంతభాగమును చదివి వినిపించుట పఠనము. మన నైయాయికులు సత్యనిర్ణయమునకై చేయుదానిని వాదమనియు, గెలుపునకై చేయుదానిని జల్పమనియు, తనపక్షమును నిలుపక పరపక్షమును ఖండించుటయే పనిగా గలదానిని వితండయనియు విభజించిరి. మంచి మధ్యస్థుడున్న గోష్ఠి వాదమగును. లేనిచో నది జల్పముగనో వితండగనో దిగజారును. అయితే మధ్యస్థుని పని యారంభము కాకమునుపే పీఠములు పంచబడియుండును. మా విచారమంతయు నా పంపకమును గూర్చియే.

ప్రథమ ప్రపంచ సమ్మేళనము 1939 జూలైలో న్యూయార్కు నగరమున జరిగెను. వచ్చినవారు సుమారు రెండువందల మంది. భావియుగమును స్తుతించుటకై కూడిన యా సభ, నిర్వాహకులతో వైరము గల ఆరుగురు యువకులను ద్వారముకడనే యాపివేసినది. వారిలో ఫ్రెడరిక్ పోల్, డొనాల్డ్ వోల్‌హైమ్, సిరిల్ కార్న్‌బ్లూత్ అనువారు తరువాత నా సాహిత్యముననే ప్రసిద్ధులైరి. స్త్రీలకు ద్వారము మూయబడలేదు గాని గౌరవపీఠము చిరకాలము దూరముగనే యుండెను. ఈ సమ్మేళనమున నిచ్చు హ్యూగో బహుమానము 1953లో మొదలైనది. కథారచనకై దానిని పొందిన మొదటి స్త్రీ ఆన్ మెకాఫ్రీ, అది 1968లో. ఉత్తమ నవలకై పొందిన మొదటి స్త్రీ ఉర్సులా లెగ్విన్, అది 1970లో.

1976లో కాన్సాస్ సిటీ నగరమున జరిగిన ప్రపంచ సమ్మేళనములో సూసన్ వుడ్ అను కెనడాదేశపు విదుషి స్త్రీలను గూర్చి ప్రత్యేకగోష్ఠి నొకదానిని ఏర్పరచెను. గోష్ఠి ముగిసినను చర్చ ముగియలేదు. ఆ యుత్సాహము మరుసటి సంవత్సరము, 1977లో, మాడిసన్ నగరమున విస్‌కాన్ అను సమ్మేళనము పుట్టుటకు తోడ్పడెను. స్త్రీల దృష్టిని ప్రధానముగా గొన్న యా సభలో, తల్లులు గోష్ఠులకు రాగలుగునట్లు, పిల్లలను చూచుకొనుటకును ఏర్పాటు చేసిరి. ఎంత చిన్న యేర్పాటు! అయినను స్త్రీవిద్యను గూర్చి వేదికలపై పలికిన యెన్నో ఉపన్యాసములకంటె నిది మేలు.

కాబట్టి ప్రత్యేకగోష్ఠి నాడు అవసరమేయని మేము నిస్సంశయముగా చెప్పుదుము. మా యాక్షేపణ దానిని నిత్యవిధిగా చేసికొనువారిపై మాత్రమే. 'స్త్రీలు విజ్ఞానకథలు వ్రాయగలరా?' అను ప్రశ్న మొదటిసారి యడిగినప్పుడు జిజ్ఞాస. పదియవసారి యడిగినప్పుడు అవమానము. భాషాశాస్త్రమును, అర్థశాస్త్రమును, గ్రహగతులను శ్రమించి చదివి కథ వ్రాసిన స్త్రీని ఆ శాస్త్రములను గూర్చి యడుగక, ఆమె స్త్రీత్వమును గూర్చియే యడుగుచుండుట గౌరవము కాజాలదు. ఆమె యొక గదిలో దీనికి సమాధానము చెప్పుచుండగా, నక్షత్రయానమును గూర్చిన గోష్ఠి ప్రక్కగదిలో నామె లేకయే జరిగిపోవును. నల్లజాతి రచయిత శామ్యూల్ డెలానీ 1998లో ప్రకటించిన వ్యాసమున నిట్టి సంగతినే తెలిపెను. తన రచనలకును ఆక్టేవియా బట్లర్ రచనలకును పోలిక స్వల్పమైనను, ఇరువురును నల్లవారగుటచే నిర్వాహకులు తమ్మిద్దరిని ఒక్కచోట కూర్చుండబెట్టుచుండిరట! దురుద్దేశము లేకయే సద్బుద్ధి కూడ గోడ కట్టగలదని దీనివలన తెలియుచున్నది.

దీనికి విపరీతమైన యుదాహరణము గూడ కలదు. ఆలిస్ షెల్డన్ అను స్త్రీ జేమ్స్ టిప్ట్రీ యను పురుషనామమున కథలు వ్రాసి, సభల కేగక, ఉత్తరములద్వారా మాత్రమే రచయితలతో స్నేహము చేసెను. రాబర్ట్ సిల్వర్‌బర్గ్ 1975లో నామె కథాసంపుటికి పీఠిక వ్రాయుచు, ఈ రచయిత పురుషుడే యని వాదించెను. కొలదికాలమునకే నిజము బయల్పడెను. ముఖము చూడక చదివినవారు రచనను గూర్చియే మాటలాడిరి. అయినను 'పురుషుడు' అన్న పేరు వారి తీర్పులో దూరియే యున్నది.

ఇందుచేత మేము పఠనమునకు ఎక్కువ విలువ నిచ్చుచున్నాము. గోష్ఠిలో రచయిత్రి యొక వర్గమునకు ప్రతినిధిగా నిలువవలసి వచ్చును. పఠనమున నామె వాక్యమే యామె తరఫున మాటలాడును. కాని ప్రసిద్ధుని గోష్ఠి జరుగు గంటలోనే క్రొత్త రచయిత్రి పఠనము నేర్పరచినచో, ఖాళీ కుర్చీలే యామె శ్రోతలగుదురు. సమయపట్టిక వ్రాయు చేతికిని విమర్శకుని చేతికి గల బాధ్యతయే కలదు.

జనకుని సభలో గార్గి యడిగిన దేమి? స్త్రీధర్మములను గూర్చి కాదు. ఈ జగత్తంతయు దేనియం దల్లబడియున్నదని. యాజ్ఞవల్క్యుడు మొదట నామెను బెదిరించెను. ఆమె వెనుదీయక మరల ప్రశ్నించి, కడపట నతనిని జయింపగలవారు లేరని తానే తీర్పు చెప్పెను. మన యూళ్లలో సాహిత్యసభలు నడపువారు 'స్త్రీలు–సాహిత్యము' అను నొక గోష్ఠితో తృప్తిపడక, ఛందస్సును గూర్చియు, విజ్ఞానమును గూర్చియు, రాజ్యాంగమును గూర్చియు జరుగు గోష్ఠులలో స్త్రీల కెన్ని పీఠములున్నవో ఆహ్వానపత్రిక అచ్చునకు పోవుటకు ముందు లెక్కించుకొందురుగాక.