జిరాక్సు నిషేధం ఎవరి చట్టం?

పాతబస్తీలోని ఒక గ్రంథాలయంలో గోడకు ఒక కాగితం అంటించి ఉంది. కాపీరైట్ చట్టం ప్రకారం జిరాక్సు ఇవ్వబడదని దాని మీద రాశారు. సెక్షన్ నంబరు లేదు, తేదీ లేదు, సంతకం లేదు. భాగ్యరెడ్డి వర్మ మీద ఒక అధ్యాయం రాయడానికి, ఆయన వ్యాసం ఉన్న 1930ల నాటి పత్రిక కోసం మేం అక్కడికి పోయాం. పత్రిక ఉంది. బీరువా తెరిచి చూపించారు కూడా. జిరాక్సు అడిగితే గోడ వైపు చెయ్యి చూపారు. మా ఇంట్లో యూనివర్సిటీ మొహం చూసిన మొదటి తరం మాదే. చట్టం అని ఎక్కడన్నా రాసి ఉంటే తల వంచడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ రోజు వట్టి చేతులతో తిరిగొచ్చాం.

తర్వాత ఆ చట్టం తెచ్చుకొని చదివాం. చదివినంకనే కోపమొచ్చింది.

ముందు వర్మ సంగతే చూద్దాం. 1906లో జగన్ మిత్ర మండలి పెట్టి, నిజాం హైదరాబాదులో అంటరాని పిల్లలకు బడులు నడిపిన ఆ మనిషి 1939లో చనిపోయారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్లు హక్కు నిలుస్తుంది. 1992 సవరణ దాకా అది యాభై ఏళ్లే. పెద్ద లెక్కే వేసినా 1999తో గడువు తీరిపోయింది. అంటే ఆ వ్యాసం మీద ఇప్పుడు ఎవరికీ కాపీరైట్ లేదు. చట్టం ఎప్పుడో వదిలేసినదాన్ని చట్టం పేరు చెప్పి బీరువాలో పెట్టి తాళం వేశారు.

చదువు దగ్గర మనల్ని ఆపినప్పుడల్లా చెవుల్లో సీసం పోశారని రాయడం మనకు అలవాటైపోయింది. మేమూ రాశాం. ఇక్కడ ఆ మాట సరిపోదు. ఇక్కడ చట్టం చాలావరకు మన వైపే ఉంది. దాన్ని చదవనిచ్చేవాళ్లు లేరు, అంతే.

గడువు తీరని పుస్తకాల విషయం కూడా చూడండి. 52వ సెక్షన్ అంతా మినహాయింపులే. సొంత చదువుకు, పరిశోధనకు న్యాయమైన మేరకు వాడుకోవచ్చు. 'న్యాయమైన మేర' అంటే ఎన్ని పేజీలో చట్టం చెప్పలేదు. పది శాతమని కొందరు లైబ్రేరియన్లు చెప్పే అంకె మన చట్టంలో ఎక్కడా లేదు. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం, దేశంలో కొనడానికి దొరకని పుస్తకాన్ని తన వాడకం కోసం మూడు ప్రతుల దాకా తీసుకోవచ్చు. పుస్తకమంటే చిన్న కరపుస్తకం కూడా అందులోకే వస్తుంది. తన దగ్గర అచ్చు ప్రతి ఉంటే భద్రపరచడానికి కంప్యూటర్లో దాచుకోవచ్చు. ఈ చివరిది 2012 సవరణలో వచ్చింది. దళిత సాహిత్యం చాలావరకు చిన్న ప్రెస్సుల్లో, చేతిలో ఉన్న డబ్బుకు సరిపడా కొద్ది కాపీలు వేసుకున్నదే. రెండో ముద్రణ నోచుకోని కవితా సంకలనాలు, సభలో పంచి అయిపోయిన పుస్తకాలు మార్కెట్లో ఎక్కడ దొరుకుతాయి? ఆ మూడు ప్రతుల నిబంధన మన పుస్తకాల కోసమే రాసినట్టుంది. దాన్ని వాడిన గ్రంథాలయం మాకింకా కనబడలేదు.

పంతుళ్ల సంగతి ఇంకా స్పష్టం. పాఠం చెప్పే క్రమంలో టీచరుగానీ విద్యార్థిగానీ రచనను ప్రతి తీసుకోవచ్చని అదే సెక్షన్ చెప్తుంది. దీని మీదే ఢిల్లీలో పెద్ద కేసు నడిచింది. ఢిల్లీ యూనివర్సిటీ ఆవరణలోని రామేశ్వరీ ఫోటోకాపీ దుకాణం మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు 2012లో దావా వేశాయి. పిల్లల కోసం పాఠ్యాంశాల కట్టలు జిరాక్సు తీసి అమ్మడం దొంగతనమని వాళ్ల వాదన. 2016 సెప్టెంబరు 16న ఢిల్లీ హైకోర్టు దావా కొట్టేసింది. అదే ఏడాది డిసెంబరులో ఇద్దరు జడ్జీల బెంచి కేసును తిరిగి విచారణకు పంపింది గానీ, ఎన్ని పేజీలన్నది కాదు, బోధనకు అవసరమా కాదా అన్నదే చూడాలని తేల్చింది. 2017లో ప్రచురణకర్తలే దావా వెనక్కి తీసుకున్నారు. ఇంత జరిగినా మన కాలేజీల్లో ఆ సంగతి తెలిసిన అధ్యాపకులు తక్కువ. పుస్తకం కొనలేని పిల్లలు ఎవరో వేరే చెప్పాలా?

కోర్టు తీర్పుల మీద ఈ భయం అసలే అక్కర్లేదు. తీర్పును కోర్టు వద్దంటే తప్ప ఎవరైనా మొత్తం అచ్చు వేసుకోవచ్చు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఆ తీర్పు వచ్చింది ఈ పాతబస్తీలోనే, మూసీ ఒడ్డున. అది పిల్లలకు పంచడానికి పంతులు ఎవరి అనుమతీ అడగక్కర్లేదు.

అంబేద్కర్ దగ్గర మాత్రం మనవాళ్లే తికమకపడుతున్నారు. ఆయన 1956 డిసెంబరులో పోయారు కాబట్టి 2017 జనవరి 1 నుంచి ఆయన బతికుండగా అచ్చయిన ఇంగ్లీషు రచనలు అందరివీ. అయితే తెలుగు అనువాదం మీద అనువాదకుడి హక్కు వేరు. కొత్త ముందుమాట, నోట్సు రాసినవాళ్ల హక్కు వేరు. పుస్తకం మొత్తం దించుకొని, అనువాదకుడి పేరు తీసేసి, అంబేద్కర్ అందరివాడు కదా అంటే చెల్లదు.

ఈ మాట మనకు చేదుగానే ఉంటుంది. జిరాక్సు మా హక్కు అని అరిచే మనమే పాటల పుస్తకాలు వేసేటప్పుడు రాసినవాళ్ల పేర్లు ఎగరగొడతాం. వాడలో పాట కట్టిన ఆడమనిషి పేరయితే ముందే పోతుంది. కింద 'ప్రజల పాట' అని రాసి చేతులు దులుపుకుంటాం. 57వ సెక్షన్ ప్రకారం హక్కులన్నీ అమ్ముకున్నా రచన తనదని చెప్పుకునే హక్కు రచయితకే ఉంటుంది. కాపీ తీసుకోవడానికి మనం అడిగే సందు వేరు, పేరు మింగడం వేరు. మొదటిదాని కోసం కొట్లాడేవాళ్లు రెండోది చేయరాదు.

గ్రంథాలయ గుమస్తాను తిట్టి లాభం లేదు. పుస్తకం చినిగితే, పోతే జీతంలో కోత పడేది ఆయనకే. కాదంటే ఏ ఇబ్బందీ లేదు, ఇస్తే సంజాయిషీ. అట్లాంటి ఉద్యోగంలో ఎవరైనా గోడనే చూపిస్తారు. పాత కాగితం నలుగుతుంది, ఫోటో తీసుకోండి అంటే మేం ఒప్పుకునేవాళ్లం. అది పుస్తకం మీద శ్రద్ధ. కాపీరైట్ పేరు చెప్పడం శ్రద్ధ కాదు. బొజ్జా తారకం 'పోలీసులు అరెస్టు చేస్తే' అని మామూలు మనిషి చేతిలో పెట్టుకొనే పుస్తకం రాశారు. లైబ్రరీ కౌంటరు దగ్గర నిలబడ్డవాడికి అట్లాంటిది తెలుగులో, ఉర్దూలో నాలుగు పేజీలన్నా ఉండాలి. ఉర్దూ ఎందుకంటే ఈ బస్తీలో సగం పాత పుస్తకాలు ఆ భాషవే, వాటి కోసం వచ్చే పేద ముస్లిం పిల్లలకూ ఆ గోడే ఎదురవుతుంది.

రెండోసారి 52వ సెక్షన్ తెలుగులో రాసుకొని పోయాం. గుమస్తా ఓపిగ్గా చదివారు. "మీరు చెప్పింది నిజమే కావచ్చు సార్, పైవాళ్లు రాసిస్తే ఇస్తా" అన్నారు. దరఖాస్తు పెట్టాం. జవాబు రాలేదు. అధ్యాయం గడువు దగ్గరపడుతోంది. మూడు రోజులు కూర్చొని ఆ వ్యాసం చేత్తోనే రాసుకున్నాం. రాస్తున్నంతసేపూ ఎదురుగా గోడ మీద ఆ కాగితం ఉంది.