నవ్వించుట, నవ్వులపాలు చేయుట

నవ్వు నాలుగు విధముల చేటని మన పెద్దలు చెప్పుచుందురు. ఆ నాలుగు విధము లేవియో విప్పి చెప్పినవారు మాత్రము మాకు కానరాలేదు. చేటు తెచ్చు నవ్వొకటి యున్నదన్నచో మేలు చేయు నవ్వు వేఱొకటి యుండక తప్పదు. ఈ రెంటి నడిమి గీత యెచ్చట నున్నది? పండితులకు ఈ ప్రశ్న వినోదము కావచ్చును గాని, బాలుర నడుమ దినములు గడపు మావంటి బడిపంతుళ్లకు ఇది నిత్యము ఎదురగు చిక్కు. ఒక నటుని జీవితమును, ఆయన ధరించిన పాత్రలను ఆధారముగ గొని దీనిని విచారింప దలచితిమి. ఆ నటుడు రేలంగి వెంకటరామయ్య.

ఈ విచారమునకు కారణమైన సంగతి ముందు చెప్పుట న్యాయము. కొన్ని యేండ్ల క్రిందట మేము పనిచేయుచుండిన యొక పాఠశాలలో, ఎనిమిదవ తరగతియందు, నత్తి గల బాలు డొకడుండెను. ఒకనాడు పాఠము చదువుమని వానిని లేపితిమి. వాడు మొదటి యక్షరముననే నిలిచిపోయెను. వెనుక బల్లనుండి మఱొక బాలుడు, ఆ వారము టెలివిజనులో వచ్చిన హాస్యగాని గొంతు ననుకరించుచు, ఆ యక్షరమునే పదిమారులు పలికెను. తరగతి యంతయు గొల్లుమనెను. అనుకరణము చక్కగ నుండుటచే మేమును నవ్వితిమి. నత్తి గల బాలుడు తోటివారి వంక చూడలేదు. మా వంక చూచెను. వారు నవ్వుదురని వానికి తెలియును. మేము నవ్వుదుమని వాడనుకొనలేదు.

ఆ రాత్రి మాకు రేలంగి జ్ఞప్తికి వచ్చెను. మేము పుట్టకమునుపే, 1975లో, ఆయన గతించెను. మేమాయనను చూచినది దూరదర్శనములోనే. మా బాల్యమున గూడూరులో టెలివిజను గల యిండ్లు కొలదిగ నుండెను. తెలుగు చిత్రము వచ్చునాడు ఆ యిండ్ల వసారాలలో చాపలు పఱచుకొని పెద్దలును పిల్లలును కూర్చుండెడివారు. రేలంగి తెరపై కనబడుటయే తడవు, ఆయన నోరు తెఱవకమునుపే నవ్వు పుట్టుచుండెను. ఆ నవ్వు ముగిసిన పిదప అచ్చటి వారిలో చిన్నబుచ్చుకొన్నవాడు ఒక్కడును ఉండెడివాడు కాడు. నాటి నవ్వునకును తరగతిలోని నవ్వునకును భేద మేమి?

భరతముని నాట్యశాస్త్రము ఆఱవ యధ్యాయమున హాస్యరసమునకు విభావములు చెప్పుచు, వికృతవేషము, ధార్ష్ట్యము, లౌల్యము, అసత్ప్రలాపము, వ్యంగదర్శనము మొదలగువానిని పేర్కొనెను. ధార్ష్ట్యమనగా సిగ్గులేని తెగువ, లౌల్యమనగా ఆశపోతుతనము, అసత్ప్రలాపమనగా పొంతనలేని మాట, వ్యంగదర్శనమనగా అవయవలోపమును చూచుట. లోకమున నవ్వు పుట్టు తావులను ముని లెక్కించెనే గాని, అవి యన్నియు సమానముగ శ్లాఘ్యములని చెప్పలేదు. మఱియు నవ్వును స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని యాఱు తెఱగులుగ విభజించి, రెండేసి చొప్పున ఉత్తమ మధ్యమ అధమ ప్రకృతులకు పంచెను. ఈ విభాగము నవ్వువానిని బట్టి చేసినది. నవ్వబడువానిని బట్టియు హాస్యమును తూచవలెనని మా మనవి. ధార్ష్ట్యమును, లౌల్యమును మనుజుడు తానై తెచ్చిపెట్టుకొన్నవి, తలచినచో వదలుకొనగలడు. నత్తిని ఎవ్వడును తెచ్చిపెట్టుకొనడు. మొదటివానిని చూచి నవ్వుట దిద్దుట. రెండవదానిని చూచి నవ్వుట కొట్టుట.

ఈ తూకమున రేలంగిని నిలిపి చూతము. ఆయన 1910లో తూర్పుగోదావరి మండలమున జనించి, కాకినాడలో పెరిగెను. అచ్చటి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అను నాటకసమాజమున వేషములు కట్టెను. పురుషులే స్త్రీపాత్రలు ధరించు కాలమగుటచే ఆయనయు స్త్రీవేషములు వేసెను. మా ప్రాంతమునకు కూచిపూడి దగ్గఱ. పురుషుడు సత్యభామ వేషము ధరించి సభను మెప్పించుట మా పెద్దలకు క్రొత్త గాదు. ఆ వేషము ఎగతాళికై కట్టునది కాదు, సాధనచే పండించునది. ఆ శిక్షణము వెనుక నున్నవాడే రేలంగియు.

సి. పుల్లయ్యగారి దర్శకత్వమున 1935లో వెలువడిన ‘శ్రీకృష్ణ తులాభారము’తో ఆయన చిత్రసీమ జొచ్చెను. జొచ్చెననుటయే గాని, పీఠ మెక్కలేదు. పదేండ్లకు పైగా చిన్న వేషములు వేయుచు, పుల్లయ్యగారి యొద్ద తెరవెనుక పనులును చేయుచు గడపెను. 1948లో ‘వింధ్యరాణి’, 1949లో ‘గుణసుందరి కథ’ వెలువడిన పిదపనే ఆయన పేరు జనుల నోట నిలిచెను. అప్పటి కాయనకు దాదాపు నలువదియేండ్లు. నవ్వించువాడు ముందుగ ఓర్పు నేర్వవలెనని ఈ పదేండ్లు చెప్పుచున్నవి.

ఆ ‘వింధ్యరాణి’ మూలమున మా బందరునకును రేలంగికిని చుట్టఱికము కలిసినది. దానికి మూలమైన నాటకము పింగళి నాగేంద్రరావు రచన. పింగళి 1901లో జనించి, బందరున పెరిగి, ఆంధ్ర జాతీయ కళాశాలలో చదివి, బందరు నాటకరంగమునకు నాటకములు వ్రాసిన వాడు. తరువాత విజయావారి చిత్రములకు మాటలు కూర్చెను. 1951 నాటి ‘పాతాళభైరవి’లో రాజుగారి బావమఱది, 1955 నాటి ‘మిస్సమ్మ’లో దేవయ్య, 1957 నాటి ‘మాయాబజారు’లో లక్ష్మణకుమారుడు, ఈ మూడు పాత్రలకు ప్రాణము రేలంగిది, పలుకు పింగళిది. సొమ్మును ‘తైల’మని పిలిచిన దేవయ్యను తెలుగువారు నేటికిని మఱవలేదు. పచ్చిగా చేయిచాపుటకు మొగము చెల్లనివాడు పెట్టుకొన్న ముద్దుపేరది. ఒక్క మాటలో లౌల్యమును, సిగ్గును కూడ నిమిడ్చిన రచయిత యెంత గొప్పవాడో, ఆ సిగ్గును కనుకొలకులలో చూపిన నటుడు నంత గొప్పవాడు. ‘మిస్సమ్మ’ బడిపంతుళ్ల కథ. బ్రతుకుతెరువునకై బొంకవలసివచ్చిన వారిని అది యెత్తిపొడువదు. బొంకును చూచి నవ్వును, బొంకినవారిని జాలిగొనును.

ఈ పాత్రలను సరిపోల్చి చూడుడు. రాజుగారి బావమఱదికి రాజు చుట్టఱికమే బలము. లక్ష్మణకుమారునకు దుర్యోధనుని కొడుకగుటయే యర్హత. ప్రక్కన నిలిచి పొగడు శర్మయు శాస్త్రియు వాని విద్య. పెండ్లిపీటలపై మాయాశశిరేఖ వానిని హడలగొట్టునపుడు మనము నవ్వునది వాని దేహమును చూచి కాదు, తానడుగనక్కఱలేకయే అన్నియు దక్కునను వాని నమ్మకము విఱుగుట చూచి. రేలంగి నవ్వునకు గుఱి యెప్పుడును అరువు తెచ్చుకొన్న గొప్ప.

ఈ లక్షణము 1963 నాటి ‘నర్తనశాల’లో పరిపూర్తి నొందినది. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున రేలంగి యందు ఉత్తరకుమారుడు. విరాటపర్వ కథ తెలుగువారి కందఱకును తిక్కన నాటినుండి కంఠస్థము. అంతఃపురస్త్రీల యెదుట ప్రగల్భములు పలికినవాడు కౌరవసేనను కన్నులార చూడగనే రథము దిగి పఱుగిడును. ఇంతవఱకే కథ యైనచో ఉత్తరుడు నవ్వులపాలైనవాడు మాత్రమే. కాని యర్జునుడు వానిని పట్టి తెచ్చి, తిట్టి విడువలేదు. చేతికి పగ్గము లిచ్చి సారథిని చేసెను. వణకిన చేతులతోనే ఉత్తరుడు రథము నడపెను. పిఱికివాని పిఱికితనమును చూచి నవ్వి, పిదప వానికొక పని యప్పగించు హాస్యము ఉత్తమహాస్యము. రేలంగి పఱుగునందు వేగముకంటె సిగ్గు హెచ్చు. అందుచే వాడు తిరిగి వచ్చునని మనకు ముందే నమ్మకము కలుగును.

ఈ ధర్మము తెలుగుదేశమునకే పరిమితము కాదు. ఇంగ్లండులో టోనీ హాన్‌కాక్ అను హాస్యనటుడు 1954 నుండి బి.బి.సి. రేడియోలోను, 1956 నుండి టెలివిజనులోను ఆ దేశమును నవ్వించెను. ఆయనకు మాటలు వ్రాసినవారు గాల్టన్, సింప్సన్ అను జంటరచయితలు. 1961లో వచ్చిన యొక భాగమున ఆయన రక్తదానము చేయబోవును. దేశసేవ యని గొప్పలు పలుకును. వ్రేలినుండి తీసిన చుక్కయే దానమనుకొన్నవాడు, తీయవలసినది ఒక పైంటని వినగనే ఉత్తరుడై పోవును. ఎట్టకేలకు దానమిచ్చి యింటికి వచ్చి కత్తితో చేయి కోసికొనగా, వైద్యశాలలో ఆయన రక్తమునే ఆయనకు తిరిగి ఎక్కింతురు. రేలంగిని ఎఱుగని దేశమున రేలంగి నవ్వే!

కాని యీ యిద్దఱి జీవితములు వేర్వేఱు త్రోవలు త్రొక్కెను. హాన్‌కాక్ తన నవ్వు తనదే యని తలచెను. ముందు సహనటుడు సిడ్ జేమ్స్‌ను, పిదప 1961లోనే ఆ రచయితలను విడిచెను. తరువాతి కృషి మునుపటి యెత్తు నందుకొనలేదు. 1968లో సిడ్నీ నగరమున తన ప్రాణము తానే తీసికొనెను. ఒక మనుజుని దుఃఖమునకు ఒక్క కారణము చూపుట తగదు గాన, మేమట్లు చూపము. కళ విషయమున మాత్ర మీ మాట చెప్పవచ్చును: హాస్యము ఒంటిచేతి చప్పట్లు కాదు. రేలంగి ప్రక్కన బక్కపలుచని రమణారెడ్డి, గిరిజ, సూర్యకాంతము ఉండిరి. వెనుక పింగళివంటి రచయితలుండిరి. ఎదుటివానికి నవ్వు దక్కనిచ్చుట ఆయన యెఱుగును. మూడువందలకు పైగా చిత్రములలో ఆయన నిలిచుటకును, 1970లో పద్మశ్రీ బిరుదము పొందుటకును ఈ గుణము తోడ్పడెనని మా నమ్మకము.

ఇంత మెచ్చినంతమాత్రమున దోషములు దాచుట విమర్శ కాదు. సూర్యకాంతము గయ్యాళి, రేలంగి భయపడు మగడు: ఈ జంట నాడు తెలుగుదేశమును విరుగబడి నవ్వించెను. ఆ నవ్వునకు అడుగున నున్న భావమేమి? ఆలికి వెఱచు మగడు వింత యన్నచో, మగనికి వెఱచు ఆలు సహజమని యొప్పుకొన్నట్లే గదా! ఇది సంఘము సహించిన యన్యాయమును నవ్వు చాటున నిలువనిచ్చుట. రమణారెడ్డి సన్నదనమును రేలంగి బొద్దుతనమును ప్రక్కప్రక్కన నిలుపుటయందును వ్యంగదర్శనపు పాలు కొంత కలదు. అయినను అది ప్రవేశమునకే పరిమితము. నాలుగు మాటలు నడచినపిమ్మట ప్రేక్షకుడు దేహములను మఱచి బుద్ధులను చూచును.

నేటి టెలివిజను హాస్యములలో పెక్కింట ఈ మఱపు కలుగదు. నలుపును, స్థూలకాయమును, నత్తిని, పొట్టితనమును, ఆడుదుస్తులు ధరించిన మగవానిని చూపి, చూచుటయే నవ్వుటగ నేర్పుచున్నవి. ఇందు నటుల తప్పు కొంత, వ్రాయువారి తప్పు కొంత. మా బోటి వారి తప్పు మిక్కిలి. నాయకపాత్రలపై గ్రంథములు వ్రాసి, హాస్యపాత్రను ఒక్క పంక్తితో సాగనంపితిమి. ఏ నవ్వు మేలో, ఏది చేటో చెప్పవలసిన విమర్శకుడు మౌనము వహించినపుడు బాలునకు వెనుక బల్లయే గురుపీఠ మగుట వింతయా?

ఇక మా తరగతి సంగతి. మఱునాడు ఆ బాలుని పిలిచి, మేము నవ్వుట తప్పని వానితో చెప్పితిమి. వాడేమియు బదులు చెప్పలేదు. ఆ యేటి పాఠశాల వార్షికోత్సవమునకు ఉత్తరగోగ్రహణ ఘట్టము నాడింప దలచి, పద్యములు పాడునపుడు నత్తి తగ్గునని యెఱిగి, వానికి బృహన్నల వేష మిత్తు మంటిమి. వాడు తల యడ్డముగ నూపి, ఉత్తరకుమారుని వేషము కావలెననెను. మేము వెఱచితిమి, అయినను ఇచ్చితిమి. ఆ రాత్రి వాడు రెండు తావుల నాగెను. ప్రగల్భములు పలుకుచు ఆగుటచే, అది యుత్తరుని తడబాటే యని సభ తలచి నవ్వెను. ఆ నవ్వు వానిమీద కాదు, వాడు ధరించిన గొప్పలమీద. వాడది యెఱిగి, మూడవ తావున నత్తి లేకున్నను కావలెననియే యాగెను. అపుడు వెనుక బల్ల బాలుడు అందఱికంటె బిగ్గరగ చప్పట్లు కొట్టెను.