స్టీమర్ బాతుకు పేరు

ఒక బాతుకు తెలుగు పేరు కుదరక మూడు రోజులుగా రాస్తున్నాను, కొట్టేస్తున్నాను. దక్షిణ అమెరికా కొసన, ఫాక్‌లాండ్ దీవుల్లో ఉండే బాతు అది. మొదట ‘ఎగరలేని బాతు’ అనుకున్నాను. చేతగాని పనిని పేరుగా తగిలిస్తే, అది చేసే పని ఎవరికి కనపడుతుంది?

ఆ పని చూసి తీరాలి. బెదిరితే పొట్టి రెక్కలతో నీటిని టపటపా కొడుతూ, కాళ్లతో తన్నుతూ, నురగ చిమ్ముకుంటూ సముద్రం మీద దూసుకుపోతుంది. పక్కన పెద్ద చక్రాలు తిరిగే పాతకాలపు పొగఓడ నడక అచ్చం అదే. దీన్ని మొదట్లో పందెపు గుర్రం అనేవారట. తర్వాత స్టీమర్ అన్నారు. 1830లలో ఆ దీవులు చూసిన డార్విన్‌కు ఈ రెండో పేరే తగినదనిపించింది. నత్తగుల్లలు పగలగొట్టే దాని తల ఎంత గట్టిదంటే, రాళ్లు కొట్టే తన సుత్తికి కూడా ఓ పట్టాన లొంగలేదని రాశాడు. రెక్కలు రెండూ ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి ఆడిస్తుందని ఆయనకు గట్టిగానే తోచింది. అయినా ‘దాదాపు’ అన్న మాట వదల్లేదు. ఆ జాగ్రత్త నాకెంతో ఇష్టం.

స్టీమర్ బాతులు నాలుగు జాతులు. మూడు ఎగరలేవు. నాలుగోది ఎగురుతుంది గానీ, బాగా బరువెక్కిన మగవాటిలో కొన్ని పైకి లేవలేవు. అర్జెంటీనా తీరంలోని చుబుత్ రకాన్ని వేరే జాతిగా గుర్తించిందే 1981లో.

బాతు అనగానే మనకు కోతలయ్యాక మడుల్లో మేస్తూ, కర్ర చూపితే పక్కకు తిరిగే మంద గుర్తొస్తుంది. ఇది ఆ తీరు బాతు కాదు. రెక్క మడత దగ్గర నారింజ రంగు బుడిపెలుంటాయి. జంటగా తీరంలో తమ హద్దు కాస్తూ, లోపలికొచ్చిన పక్షిని ముక్కుతో పట్టుకుని ఆ బుడిపెలతో బాదుతాయి. స్టీమర్ బాతులు వేరే జాతి నీటిపక్షుల్ని చంపేసిన సంఘటనలూ నమోదయ్యాయి. ఎగరడానికి చాలని రెక్క పరుగుకు తెడ్డు, పోరుకు గద.

‘పొగఓడ బాతు’ అని రాసి చూశాను. అర్థం సరిపోయింది గానీ, నోట్లో తిరగడం లేదు. అందుకే ప్రస్తుతానికి స్టీమర్ బాతు అనే ఉంచాను. గోదావరి మీద పడవలు, లాంచీలు నడిపిన ఇళ్లవాళ్లు ఈ కాలమ్ చదువుతుంటే ఒక్క మాట: నీటిని అలా బాదుకుంటూ పోయే ఓడను మీ పెద్దలు ఏమనేవారో రాసి పంపండి.