కావ్యాలలోని కోకిల, చెట్టుమీది కోకిల

ఉగాది దగ్గరపడే రోజులలో తెలుగు తరగతిలో కోకిల ప్రస్తావన రాక మానదు. కోకిలమ్మ మామిడిచిగుళ్లు మేసి, గొంతు సవరించుకొని, వసంతుని రాకను చాటుతుందని పిల్లలు చదువుకుంటారు. వ్యాసాలలో ఆ మాటలనే తిరిగి రాస్తారు. అదే సమయంలో కిటికీ అవతల వేపచెట్టు మీద నిజమైన కోకిల కూస్తూనే ఉంటుంది. పాఠంలోని మాట ఆ పక్షికి ఎంతవరకు సరిపోతున్నదో పరిశీలించడం సాహిత్యానికీ మేలే, విజ్ఞానశాస్త్రానికీ మేలే.

మొదటి ప్రశ్న, కూసేది ఎవరు? మెల్లగా మొదలై, ఒక్కొక్క కూతకు స్థాయి హెచ్చుతూ, ఏడెనిమిదిసార్లు సాగి, చటుక్కున ఆగిపోయే "కుఊ" అన్న పాట మగపక్షిది. ఆడపక్షి "కిక్ కిక్ కిక్" అని గబగబ అరుస్తుందే కాని అట్లా పాడదు. కాళిదాసు కుమారసంభవం మూడవ సర్గలో వసంతాన్ని వర్ణిస్తూ, మధురంగా కూసినది పుంస్కోకిల, అనగా మగకోకిల, అని స్పష్టంగా చెప్పాడు. తెలుగులో మాత్రం కోకిలమ్మ అన్న ముద్దుపేరు స్థిరపడింది. విశ్వనాథ సత్యనారాయణగారి "కోకిలమ్మ పెండ్లి" పేరులోనూ అదే ఉన్నది. ముద్దుగా పిలుచుకోవడంలో దోషం లేదు. ఆ పేరును బట్టి పాడేది ఆడపక్షి అని నిర్ణయించడమే దోషం.

రెండవది ఆహారం. కాళిదాసు ఆ శ్లోకంలోనే మామిడి మొలకల రుచికి, కోకిల కంఠానికి సంబంధం కట్టాడు. తరువాతి కవులు చాలామంది ఆ బాటలోనే నడిచారు. ఇక్కడ మహాకవి మాట నిలవదు. కోకిల ముఖ్యంగా పండ్లు తినే పక్షి. మర్రి, రావి వంటి చెట్ల పండ్లంటే దానికి ప్రీతి. గొంగళిపురుగులను, ఇతర కీటకాలను కూడా తింటుంది. మగపక్షి కూసేది చిగురు తిన్నందువల్ల కాదు, అది సంతానోత్పత్తి కాలం గనుక. మామిడి చిగురించడమూ కోకిల కూయడమూ ఒకే ఋతువులో కనిపిస్తాయి. కలిసి జరిగే రెండు సంగతులలో ఒకటి రెండవదానికి కారణమనుకోవడం మనుష్యులు తరచుగా చేసే పొరపాటు. దానిని విద్యార్థులకు విప్పి చెప్పడానికి ఇంతకంటె దగ్గరలో ఉన్న ఉదాహరణ లేదు.

కోకిల వసంతంతోపాటు వచ్చే అతిథి అన్న భావమూ ఇటువంటిదే. తెలుగునాట కోకిల ఏడాది పొడుగునా ఉంటుంది. చలికాలంలో అది దాదాపు మౌనంగా, ఆకుల గుబురులో కనబడకుండా ఉంటుంది. వినబడని పక్షి లేదని జనం అనుకుంటారు.

కాకీ నలుపే, కోకిలా నలుపే, వసంతం వస్తేగాని భేదం తెలియదని ఒక సుభాషితం ప్రసిద్ధంగా ఉన్నది. నీతికి అది చక్కని ఉపమానమే. కాని ఆడకోకిల నలుపు కాదు. గోధుమవన్నె ఒంటినిండా తెల్లని చుక్కలు, చారలు ఉంటాయి. నిగనిగలాడే నల్లని మగపక్షిని సైతం ఎఱ్ఱని కన్ను, లేత ఆకుపచ్చని ముక్కు, పొడుగాటి తోక ఏ ఋతువులోనైనా పట్టిస్తాయి. కన్ను చేయవలసిన పనిని సుభాషితం చెవికి అప్పగించింది.

అయితే పూర్వులు చూడక రాశారని అనడానికి వీలులేదు. అమరకోశం కోకిలకు పరభృతమని పేరు చెప్పింది. అనగా పరులచే పెంచబడినది. కాకికి పరభృత్తు అన్నది, అనగా పరులను పెంచేది. రెండు మాటలలో రెండు పక్షుల సంబంధం ఇమిడిపోయింది. ఆడకోకిల కాకిగూటిలో గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు కాకిగుడ్డుకంటె చిన్నది, రంగులో దానిని పోలినది, దానికంటె ముందే పొదగబడేది.

శాకుంతలం ఐదవ అంకంలో దుష్యంతుడు ఈ సంగతినే ఎత్తి, ఆడకోకిలలు తమ పిల్లలను పరులచేత పెంచుకుంటాయని, స్త్రీలకు మోసం పుట్టుకతోనే వస్తుందని శకుంతలను నిందిస్తాడు. పక్షిని గురించిన మాట నిజం. దాని నుండి తీసిన నీతి అబద్ధం. శకుంతల నిర్దోషి అని నాటకమే చూపుతున్నది. నేటికీ కోకిలను స్వార్థపరురాలని, కాకిని వెఱ్ఱిదని చెప్పి పాఠం ముగించేవారు ఈ ఘట్టాన్ని మరొకసారి చదవాలి. పక్షులు మన నీతి కోసం బ్రతకడం లేదు.

ఆంగ్ల పద్యాలలోని కక్కూను కోకిల అని అనువదించడం వల్ల మరొక చిక్కు వచ్చింది. రెండూ ఒకే కుటుంబానివి. పక్షులు మాత్రం వేరు. ఐరోపా కక్కూ చిన్న పక్షుల గూళ్లలో గుడ్డు పెడుతుంది. దాని పిల్ల గూటిలోని తక్కిన గుడ్లను, పిల్లలను వీపుతో బయటికి నెట్టివేస్తుందని ఎడ్వర్డ్ జెన్నర్ 1788లో వర్ణించాడు. మన కోకిలపిల్ల సాధారణంగా అట్లా చేయదు; కాకిపిల్లలతో కలిసి పెరుగుతుంది. అక్కడి పక్షి చేసిన పనిని ఇక్కడి పక్షికి అంటగట్టరాదు.

ఇంతమాత్రాన కోకిల పద్యాలను పాఠ్యపుస్తకాల నుండి తొలగించనక్కరలేదు. పద్యం చెప్పిన వారమే ఉపాధ్యాయుడు పిల్లలచేత ఒక నోటుపుస్తకం తెరిపించవచ్చు. తేదీ, వేళ, ఏ చెట్టు, కూసిన పక్షి నల్లనిదా చుక్కలదా, ఏ పండు తిన్నది, కాకులు తరిమాయా అన్నవి వ్రాసుకుంటే చాలు. గూటి దగ్గరకు పోకుండా, చెట్టు ఎక్కకుండా దూరం నుండే చూడాలి. మార్చి నుండి జూన్ వరకు ఇంటి ముంగిట నుండే ఈ పని సాగుతుంది. సలీం ఆలీ భారతీయ పక్షులపై రచించి 1941లో ప్రచురించిన గ్రంథం, దాని తరువాతి ముద్రణలు పాఠశాల గ్రంథాలయంలో ఉంటే, చూసినదానిని సరిపోల్చుకోవచ్చు. అట్లా చూసిన విద్యార్థికి కాళిదాసు ఎక్కడ సరిగా చూశాడో, ఎక్కడ పొరబడ్డాడో తానే తెలుస్తుంది. ఆ శ్లోకం మీద గౌరవమూ తగ్గదు.